వర్జ్యం వరమైన చోట

విజయవాడ గవర్నరుపేటలో నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు ఒకటుంది. ముందు ప్రెస్సు, వెనక ఇల్లు. ఓనరు ముప్ఫై ఏళ్ళుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పంచాంగం కంపోజు చేసి అచ్చు వేస్తున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఎవరో కుర్రాడి చేత దానికో వెబ్‌సైటు కూడా పెట్టించాడు. సైటంటే పెద్దగా ఏమీ లేదు, నెలకో పేజీ స్కాన్ చేసి బొమ్మగా ఎక్కించడమే. మొన్న సంక్రాంతికి ఆయన అన్నకూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. సైట్లు ఫోనులో, ట్యాబులో సరిగ్గా కనబడేట్టు చేయడమే ఆ అమ్మాయి ఉద్యోగం. కనుమ నాడు కాకైనా కదలదంటారు. గారెలు తిని మేమూ కదల్లేదు. ఆ మధ్యాహ్నం నడిచిన వాదం ఇది. నేను తీర్పరిగా కూర్చున్నాననుకునేరు, అదేమీ లేదు. నేనూ రెండుసార్లు అటు నుంచి ఇటు దూకాను.

అమ్మాయి: బాబాయ్, నీ సైటు నా ఫోనులో తెరిచాను. చూడు, ఏం కనబడుతోంది?

బాబాయి: ఏముంది, పేజీ మొత్తం కనబడుతోంది. మనం అచ్చేసింది అచ్చేసినట్టు. మామిడి తోరణం బోర్డరుతో సహా.

అమ్మాయి: సరే, ఇవాళ్టి వర్జ్యం ఎప్పుడో చదివి చెప్పు.

బాబాయి: కళ్ళజోడు లోపలుంది.

అమ్మాయి: కళ్ళజోడు పెట్టుకున్నా చదవలేవు. నేనే చదవలేకపోతున్నాను.

బాబాయి: రెండు వేళ్ళు పెట్టి లాగితే పెద్దదవుతుంది కదమ్మా. పేపరు మడిచి చదువుకోవట్లేదూ? మడిస్తే గానీ చేతిలో పట్టదని పేపరువాణ్ణి ఎవరైనా తప్పు పట్టారా?

ఈ మాట దగ్గర నేను కల్పించుకోక తప్పలేదు. కార్తీకంలో గుడివాడ వెళ్ళాల్సి వచ్చి, వర్జ్యం దాటాక బయల్దేరదామని బస్టాండులో కూర్చుని ఈ సైటే తెరిచాను. రెండు వేళ్ళతో లాగాను. అంకెలు పెద్దవయ్యాయి గానీ ఎడమ పక్కనున్న తేదీల వరస స్క్రీను దాటి పోయింది. ఒక గడి కిందికి జారి మర్నాటి వర్జ్యం చదివాను. గంటన్నర బల్ల మీద కూర్చుని లేచి బస్సెక్కాను. ఇంటికొచ్చి గోడ మీది కాగితంలో చూస్తే, సరిగ్గా అసలు వర్జ్యంలోనే ఎక్కాను.

అమ్మాయి: విన్నావా? పేపరు మడిస్తే కాలమ్ తెగదు. ఇక్కడ లాగితే తేదీ ఒక చోట, వర్జ్యం ఒక చోట అయిపోతాయి.

బాబాయి: మాస్టారు గారికి తొందరెక్కువ. అయినా ఫోను అంత చిన్నదిగా ఎందుకు చూపించాలి? దాని తప్పే కదా.

అమ్మాయి: దాని తప్పు కొంత ఉంది. 2007లో ఐఫోను వచ్చేనాటికి సైట్లన్నీ కంప్యూటరు కోసం కట్టినవే. అవి తెరిస్తే ముక్కలు ముక్కలుగా కనబడతాయని ఆపిల్ వాళ్ళు ఒక అబద్ధం ఆడించారు. ఫోను నిజం వెడల్పు 320 అయితే, సైటుతో మాత్రం 980 అని చెప్పి, ఆ వెడల్పున పేజీ పరిచి, దాన్ని మూడో వంతుకి కుదించి చూపిస్తుంది. తర్వాత వచ్చిన ఫోన్లూ అదే దారి పట్టాయి. 'నీ అసలు వెడల్పు ఎంతో అంతే వాడు' అని పేజీ మొదట్లో ఒక్క లైను రాస్తే ఆ అబద్ధం ఆగిపోతుంది. ఆ లైనునే వ్యూపోర్ట్ ట్యాగ్ అంటాం. నీ సైటులో ఆ లైను లేదు.

బాబాయి: 320 ఏంటి? నా ఫోను డబ్బా మీద 1080 అని రాసుంది.

అమ్మాయి: అవి గాజు మీది చుక్కలు. మూడు చుక్కలు కలిపి ఒకటిగా లెక్కేస్తే 360. సైటు కట్టేవాళ్ళకి ఆ 360యే లెక్క.

బాబాయి: ఓహో, డీపీఐ లాంటిదన్నమాట. మూడొందల డీపీఐలో అక్షరం పెద్దది కాదు, నున్నగా వస్తుంది. సరే, అర్థమైంది. అయితే ఆ ఒక్క లైను రాసెయ్, గొడవ వదిలిపోతుంది.

అమ్మాయి: రాస్తే ఇంకా ఘోరం. నీ పేజీ బొమ్మ. అది ఒదగదు, స్క్రీను బయటికి పొర్లుతుంది. ముందు బొమ్మ పోవాలి, అక్షరాలు రావాలి.

బొమ్మ ఎందుకయిందో నాకు తెలుసు. అను ఫాంటు యూనికోడ్ కాదు. ఆ ఫైలులోంచి తెలుగు తీసి బ్రౌజరులో పెడితే ఏబీసీడీలూ, కొక్కిరి గుర్తులూ వస్తాయి. ఆ కుర్రాడు రెండు రోజులు తంటాలు పడి, చివరికి స్కాన్ చేసి పెట్టేశాడు. తెలుగు నాట ప్రెస్సుల సైట్లలో బొమ్మలూ పీడీఎఫ్‌లూ దండిగా ఉండటానికి బద్ధకమొక్కటే కారణమనుకోకండి.

అమ్మాయి: బొమ్మ ఎంత బరువో చూశావా? నెల పేజీ దాదాపు మూడు ఎంబీ. అదే అక్షరాలయితే లెక్క చెబుతా విను. ఒక రోజు వివరం మూడొందల గుర్తులనుకో. తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. ముప్ఫై రోజులకి కలిపినా ముప్ఫై కేబీ దాటదు. మూడు ఎంబీ అంటే అందులో ఎనిమిదేళ్ళ పంచాంగం పడుతుంది.

బాబాయి: జియో వచ్చాక డేటా లెక్కెవరు చూస్తున్నారే?

అమ్మాయి: గుడి మంటపంలో రాతి గోడల మధ్య నిలబడి తెరిచి చూడు, తెలుస్తుంది.

బాబాయి: సరే, బొమ్మ తీసేద్దాం. కానీ నా పేజీ మాత్రం ముట్టుకోకు. ఫోనుకి విడిగా ఇంకో సైటు చెయ్యి. పెద్ద పంచాంగం వేరే, పాకెట్ పంచాంగం వేరే. అచ్చులో రెండు సైజులు వెయ్యట్లేదా మనం?

అమ్మాయి: ఒకప్పుడు అందరూ అలాగే చేశారు. అడ్రసు ముందు ఎం, చుక్క. ఫోను వాళ్ళకి అది, కంప్యూటరు వాళ్ళకి ఇది. ఫోనులో చూసినవాడు లింకు పంపితే కంప్యూటరులో తెరిచినవాడికి సన్నటి రిబ్బను లాంటి పేజీ వచ్చేది. పైగా తప్పు దిద్దితే రెండు చోట్లా దిద్దాలి. మాస్టారూ, మీరు చెప్పండి.

నేను: ఒక ఏడు పెద్ద పంచాంగంలో ఏకాదశి దిద్దాను, పాకెట్ దాంట్లో మరిచిపోయాను. ఒకే ఇంట్లో ఉపవాసం ఒకరు ఒక రోజున్నారు, ఇంకొకరు ఇంకో రోజున్నారు. ఫోనెత్తి తిట్లు తిన్నది మాత్రం బాబాయి గారే.

అమ్మాయి: ఇంకోటి. రెండు సైజులతో ఆగుతుందా? 320 ఫోనుంది, 360, 390, 412 ఉన్నాయి. పాత ఐప్యాడ్ నిలువుగా 768, అడ్డంగా 1024. మడత ఫోను మూసి ఉంటే ఒకటి, తెరిస్తే ఒకటి. ఎన్ని సైజులు అచ్చేస్తావు? 2010 మేలో ఈథన్ మార్కాట్ అని ఒకాయన 'ఎ లిస్ట్ అపార్ట్' పత్రికలో ఇదే అడిగాడు. గదిలోకి మనుషులొస్తే గోడలు సర్దుకునే కట్టడాల గురించి చదివి, రెస్పాన్సివ్ అన్న మాట అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు. ఆయన చెప్పినవి మూడే. కొలతలు పిక్సెళ్ళలో కాదు, వంతుల్లో ఇవ్వు. బొమ్మ తనున్న గడిని దాటకూడదు. ఇంత వెడల్పు దాటితే ఇలా సర్దుకో అని పేజీకే షరతు రాసిపెట్టు. పేజీ ఒక్కటే. అది నీళ్ళలాగా...

బాబాయి: ఆగు. ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. అదే కదా చెప్పబోయావు? ఆ కుర్రాడూ ఇదే చెప్పి డబ్బులు పట్టుకెళ్ళాడు. నేను పోసేది నీళ్ళు కాదు తల్లీ, పట్టిక. తేదీ, వారం, తిథి, నక్షత్రం, యోగం, కరణం, వర్జ్యం, దుర్ముహూర్తం, అమృత ఘడియలు. తొమ్మిది నిలువు వరసలు. ఇది ఏ గిన్నెలో పోస్తావో పొయ్యి.

అమ్మాయి: 360ని తొమ్మిదితో భాగిస్తే నలభై. నలభైలో 'ఉత్తరాభాద్ర' చదవగలిగే ఏ సైజు అక్షరాలతోనూ పట్టదు. బ్రౌజరు దాన్ని మధ్యలో విరవదు కూడా, గడినే బయటికి నెట్టేస్తుంది.

బాబాయి: ఉ.భా. అని వెయ్యి. అచ్చులో వేస్తాంగా.

అమ్మాయి: నా వయసు వాళ్ళెవరికీ ఉ.భా. తెలియదు బాబాయ్. అందుకే పట్టికని విప్పేశాను. ఇదిగో నమూనా. ఫోనులో తెరవగానే ఇవాళ్టి రోజు ఒక్కటే. పైన తేదీ, తిథి. దాని కింద వర్జ్యం, దుర్ముహూర్తం. ఒకదాని కింద ఒకటి, పెద్ద అక్షరాలతో. రేపటికి కిందికి జరపాలి. బస్టాండులో మాస్టారికి కావలసింది ఇదే కదా?

నిజమే, నాకు కావలసింది అదే. అమ్మాయి వైపు దూకాను. ఫోను చేతిలోకి తీసుకుని మురిసిపోతుంటే బాబాయి అందుకున్నాడు. ఆ మధ్యాహ్నం అంతటిలోకీ గట్టి మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

బాబాయి: బాగుంది. మీకూ మాస్టారికీ బాగుంది. పంచాంగం కొనేది మీరొక్కళ్ళే అనుకుంటున్నారా? పురోహితుడు కొంటాడు. ఆయన ఇవాళ ఏమిటని చూడడు. ఫలానా నెలలో పెళ్ళి ముహూర్తం కావాలంటూ ఎవరో వస్తారు. ఆయన వేలు నక్షత్రాల వరస మీద పెట్టి పైనుంచి కిందికి జారుస్తాడు. రోహిణి దగ్గర ఆగుతుంది. అక్కణ్ణుంచి అడ్డంగా జరిగి తిథి చూస్తాడు, వారం చూస్తాడు, వర్జ్యం చూస్తాడు. కుదరకపోతే మళ్ళీ నక్షత్రాల వరసలోకి వచ్చి కిందికి. నిలువుగా ఒక చూపు, అడ్డంగా ఒక చూపు. పట్టిక ఉన్నది అందుకు. నువ్వు దాన్ని ముప్ఫై చీటీలుగా చింపి ఒకదాని మీద ఒకటి పేర్చావు. ఆయన ముప్ఫై చీటీలూ తిప్పి, గుర్తు పెట్టుకుని, పోల్చుకోవాలా? తొమ్మిది వరసలు ఇరుకు అని నువ్వన్నది సరే. ఇరుకని ఇంటి గోడలు కూలగొట్టుకుంటామా?

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ల్యాపుటాపు దగ్గరికి లాక్కుని ఏదో టైపు చేసింది. లోపల్నుంచి టీలొచ్చాయి.

అమ్మాయి: నువ్వన్నది నిజమే బాబాయ్. మేం అందరం చేసే తప్పే ఇది. పట్టిక కనబడగానే చీటీలుగా విడగొట్టడం అలవాటైపోయింది. పోల్చుకోవడానికి ఉన్న పట్టికని పట్టికగానే ఉంచాలి. చూడు ఇప్పుడు. పైన ఇవాళ్టి చీటీ ఉంటుంది. కింద 'నెల మొత్తం' నొక్కితే నీ పట్టిక తొమ్మిది వరసలతో వస్తుంది. తేదీల వరస ఎడమ పక్కన మేకు కొట్టినట్టు నిలబడుతుంది, మిగతావి వేలితో పక్కకి జరుగుతాయి. కిందికి పోయినా వరసల పేర్లు పైనే ఉంటాయి. పేజీ జరగదు, పట్టికొక్కటే జరుగుతుంది.

నేను: తేదీ కదలదా?

అమ్మాయి: కదలదు మాస్టారూ. ఇక మర్నాటి వర్జ్యం చదవరు మీరు.

బాబాయి: అలా అని ముందే చెప్పొచ్చుగా.

అమ్మాయి: ముందు నాకు తోచలేదు.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. ప్రూఫులు దిద్దే కన్ను ఊరుకోదు. పైన నొక్కడానికి పెట్టిన గడుల్లో ఒకదాని మీద 'వరం' అని కనబడింది. పంచాంగంలో వరమేమిటని జోడు సవరించుకుని చూశాను. అది వర్జ్యం. గడి ఎత్తు చాలక జ ఒత్తు నడుముకి తెగిపోయింది, య ఒత్తు తోక మాత్రం పక్కన గీతలా మిగిలింది. వర్జ్యాన్ని వరం చేసిన ఘనత ఏ జ్యోతిష్కుడికీ దక్కి ఉండదు.

అమ్మాయి: అయ్యో. ఆ గడి ఎత్తు ఇంగ్లీషు సైట్ల కోసం పెట్టిన కొలత. మా ఆఫీసులో అన్నిటికీ అదే వాడతాం.

బాబాయి: తెలుగక్షరం అంతస్తుల మేడమ్మా. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. లెడ్డు టైపు రోజుల నుంచీ పంక్తికీ పంక్తికీ మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ చోటు వదులుతున్నాం. 'స్త్రీ' కింద వేలాడేది కింది పంక్తి గుడిలో గుచ్చుకోకూడదు.

అమ్మాయి: పంక్తి ఎత్తు 1.2 ఉంది. 1.7 చేస్తాను. గడికి ఎత్తు అసలు ఇవ్వను. లోపలి అక్షరం ఎంతుంటే అంత, చుట్టూ కాస్త ఖాళీ. తెలుగు తెలిసినవాళ్ళెవరూ మా బల్లల దగ్గర లేకపోతే ఇవి బయటపడవు.

నేను: 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' గొడవ గుర్తుందా? ఆ ఒక్క అక్షరం ఒక తీరున టైపు చేసి పంపితే ఐఫోనులో మెసేజీల యాప్ కుప్పకూలేది. దాని కోసమని ఆపిల్ దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానం అంత బరువన్నమాట.

బాబాయి: అవన్నీ సరే. ఇంత తంటా ఎందుకు, యాప్ చేయించేద్దాం అంటున్నాను. యాప్ అయితే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. మంటపం మంటపం అన్నావుగా ఇందాక.

అమ్మాయి: వర్జ్యం చూసుకోవడానికి ఎవడు బాబాయ్ యాప్ దించుకునేది? 2015 మేలో మింత్రా అంతటి బట్టల కంపెనీ సైటు మూసేసి యాప్ ఒక్కటే అంది. మరుసటి ఏడే సైటు మళ్ళీ తెరుచుకుంది. నీ పంచాంగం వెతుక్కుంటూ వచ్చేవాడు గూగుల్ నుంచి వస్తాడు. గూగుల్ కూడా 2015 ఏప్రిల్ నుంచి ఫోనులో చదవడానికి వీలుగా ఉన్న పేజీలని ముందుకి తెస్తోంది. ఇక నెట్ లేకపోతే అంటావా, ఒకసారి తెరిచిన నెలని బ్రౌజరే దాచిపెట్టుకునేట్టు రాయొచ్చు.

బాబాయి: దాచుకుందని జనానికి ఎవరు చెబుతారు?

దీనికి అమ్మాయి దగ్గర సరైన జవాబు లేదు. ఉందని ఆమె అనుకుంది గానీ నాకు నచ్చలేదు. యాప్ సంగతి అక్కడే వదిలేశాం.

ఇంతలో మా బైండింగు ఆవిడ గారెల గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. బాబాయి ఆవిడ ఫోను అడిగి తీసుకున్నాడు. అద్దం మూల నుంచి మూలకి పగిలి ఉంది. కళ్ళు ఆనడం లేదని బ్రౌజరులో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకుంది.

బాబాయి: నీ నమూనా దీంట్లో తెరువు.

అమ్మాయి: ల్యాపుటాపులోనే అన్ని ఫోన్ల సైజులూ పెట్టి చూడొచ్చు. చూశాను కూడా.

బాబాయి: ప్రూఫు మానిటరు మీద చూస్తామా? కాగితం మీద తీసి చూస్తాం. తెరువు.

తెరిచింది. అక్షరాలు పెద్దవవడంతో గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రోజు ఎంచుకోవడానికి పెట్టిన నెల క్యాలెండరులో ఆదివారం నొక్కితే సోమవారం తెరుచుకుంది. పైన పండగ పేరు సగమే కనబడుతోంది, మిగతా సగం మౌసు ఆనిస్తే గానీ రాదట. ఫోనుకి మౌసేది?

అమ్మాయి: మౌసు సంగతి మరిచిపోయాను, తీసేస్తాను. నెల గడులు సరిగ్గానే లెక్కేశాను. పక్కల పదహారు పదహారు వదిలితే 328 మిగులుతుంది, ఏడు వారాలకి భాగిస్తే ఒక్కోటి 46 పైచిలుకు. వేలికి కనీసం 44 ఉండాలని ఆపిల్ చెబుతుంది, 48 ఉండాలని గూగుల్ చెబుతుంది. మధ్యలో ఉన్నాను. కానీ ఈవిడ లాగా అక్షరాలు పెంచుకుంటే కొలతలన్నీ తప్పుతున్నాయి. కొలత పిక్సెళ్ళలో కాదు, అక్షరం సైజు లెక్కన ఇవ్వాలి.

బైండింగు ఆవిడ: కొన్ని సైట్లలో అసలు పెద్దది చేద్దామన్నా కదలదమ్మా ఒక్కోసారి.

అమ్మాయి: అలాంటి పేజీలకి పెద్దది చేయనివ్వకుండా తాళం వేస్తారు. మన దాంట్లో అది ఉండదు. ఐఫోన్లు 2016 నుంచీ ఆ తాళాన్ని లెక్కచేయడం మానేశాయి. మిగతా ఫోన్లలో ఇంకా పని చేస్తోంది.

ట్యాబ్ గురించి ఎక్కువ గొడవ లేదు. దాన్ని సాగదీసిన ఫోనుగా చూడటమే అందరూ చేసే తప్పని అమ్మాయి అంది. పంక్తి ఈ చివర నుంచి ఆ చివరికి పాకితే చదివేవాడు కింది పంక్తి మొదలు వెతుక్కోవాలి. కాలమ్ వెడల్పు సంగతి ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నవాడు కాబట్టి బాబాయి వెంటనే ఒప్పుకున్నాడు. ట్యాబు నిలువుగా ఉంటే ఇవాళ్టి చీటీ పైన, పట్టిక కింద. అడ్డంగా తిప్పితే రెండూ పక్కపక్కన. పీట మీద ట్యాబు ఆనించుకుని ముహూర్తం చూసే పురోహితులు ఇప్పుడు మా వీధిలోనే ఇద్దరున్నారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వం ట్యాబులిచ్చాక ఆ వస్తువు ఊళ్ళలోనూ కొత్త కాదు.

ఇక మిగిలింది తోరణం.

బాబాయి: బోర్డరు ఉండాల్సిందే. అది మా నాన్న గీయించిన బ్లాకు.

అమ్మాయి: 360లో రెండు పక్కలా తోరణం పెడితే అక్షరాలకి 300 కూడా మిగలదు. పేరు వరకూ నీ ఇష్టం వచ్చిన ఫాంటు పెట్టుకో. రామభద్ర, మండలి, గిడుగు, అన్నీ ఉచితంగానే ఉన్నాయి గూగుల్ ఫాంట్లలో. తోరణం మాత్రం వద్దు.

బాబాయి: తోరణం లేని ఉగాది ఉంటుందటే?

ఇద్దరూ అన్నం దగ్గర కూడా మాట్లాడుకోలేదు. మర్నాడు అమ్మాయి హైదరాబాదు వెళ్ళిపోయింది.

మాఘం చివర్లో కొత్త సైటు వచ్చింది. అను నుంచి యూనికోడ్‌కి మార్చిన పన్నెండు నెలల ప్రూఫులూ నేనే చూశాను. అచ్చు ప్రూఫు కన్నా కష్టమే, అరసున్నలు ఎక్కడెక్కడో తేలాయి. బైండింగు ఆవిడ ఫోనులో గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదు. వర్జ్యం వర్జ్యంగానే కనబడుతోంది. బాబాయి రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు ఒక పురోహితుడు అడిగాడని ఆ నెల పట్టికని సైటు నుంచే ప్రింటు కొట్టాడు. వెడల్పుని బట్టి పేజీ ఎలా సర్దుకోవాలో షరతులు రాసినట్టే, కాగితానికి పోయేటప్పుడు ఎలా ఉండాలో కూడా రాయవచ్చు. వెబ్ పేజీల తీరు రాసే సీఎస్ఎస్ భాష రెండో వెర్షను 1998లో వచ్చినప్పటి నుంచీ ఆ వీలుంది. అమ్మాయి చెప్పకుండా రాసిపెట్టింది. ఏ4 కాగితం మీద తొమ్మిది వరసలూ పక్కకి జరపనక్కర లేకుండా పూర్తిగా వచ్చాయి, చుట్టూ తాతగారి మామిడి తోరణంతో.

ఫోనులో మాత్రం తోరణం లేదు.